అప్‌డేట్: సున్నా సెకన్ల చిక్కు వీడింది

విండోస్‌లో పైథాన్ 3.8తో ఒక చిన్న ఫంక్షన్‌కు పట్టే సమయాన్ని కొలిస్తే ఒకసారి 0.0, మరోసారి 0.0156 సెకన్లు ఎందుకు వస్తున్నాయని అడిగాను. జవాబిచ్చిన అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. మీరన్నట్లే లోపం గడియారంలో ఉంది. నేను వాడిన టైమ్.టైమ్ (సిస్టమ్ గడియారంలోని ప్రస్తుత సమయాన్నిచ్చే పైథాన్ ఫంక్షన్) అక్కడ సుమారు 15.6 మిల్లీసెకన్లకు ఒకసారి మాత్రమే కదులుతుంది. అంతకన్నా త్వరగా ముగిసే పని దాని కంటికి ఆనదు. సరిగ్గా అది కదిలే క్షణంలో పని నడుస్తుంటే ఆ 15.6 మొత్తం పని ఖాతాలో పడుతుంది. పైగా సిస్టమ్ సమయాన్ని సరిచేస్తే అది వెనక్కి కూడా వెళ్లగలదు! చిన్న వ్యవధులను కొలిచేందుకే ఉన్న పెర్ఫ్‌_కౌంటర్‌కు మారాక సున్నాలు పోయాయి.

తర్వాత కోడును పలుమార్లు నడిపి సమయం కొలిచే టైమ్‌ఇట్ మాడ్యూల్ ప్రయత్నించాను. దాని ఫంక్షన్‌కు మనం సంఖ్య ఇవ్వకపోతే కోడును 10 లక్షల సార్లు నడుపుతుంది, అందుకే తగ్గించుకున్నాను. అదే కొలతను పలుమార్లు తీసే రిపీట్ ఫలితాల్లో సగటు వద్దు, కనిష్ఠం చూడమన్న సలహా ఎంతో విలువైనది: ఇతర ప్రోగ్రాములు అడ్డుపడితే సమయం పెరుగుతుందే గాని తగ్గదు.

ఒక్క విషయం మాత్రం తికమకపెట్టింది. కొలిచేటప్పుడు టైమ్‌ఇట్ వాడుకలో లేని మెమరీని ఖాళీ చేసే గార్బేజ్ కలెక్షన్‌ను ఆపేస్తుంది. నా ఫంక్షన్ వేలకొద్దీ లిస్టులు సృష్టిస్తుంది కనుక, కొలతకు ముందు నడిచే సెటప్‌లో దాన్ని తిరిగి ఆన్ చేసే జీసీ.ఎనేబుల్ రాసి మళ్లీ కొలిచాను. అసలు ప్రోగ్రాములో కనబడే సమయానికి ఆ అంకెలే దగ్గరగా ఉన్నాయి.