దిగువమెట్ట మీటర్‌గేజ్ ఫోటో: ఒకే సిగ్నల్ కంబానికి రెండు చేతులు ఎందుకు? (వైడీఎం-4 గురించి కూడా)

గిద్దలూరు_మోడల్స్:
అందరికీ నమస్కారం. నంద్యాల–గిద్దలూరు మధ్య నల్లమలలో నడిచిన పాత మీటర్‌గేజ్ లైన్‌కి ఇంట్లో ఒక మోడల్ చేస్తున్నాను. 1:87 స్కేలు, 12 మి.మీ. పట్టాలు. బ్రాడ్‌గేజ్ వేసినప్పుడు అడవిలో దారి మార్చి, దొరబావి వంతెన ఉన్న ముక్కను వదిలేశారు కదా, నాకు కావలసింది ఆ ముక్కే. దానికి ఇటు కొసన దిగువమెట్ట స్టేషన్ పెడుతున్నా.

మా మేనమామ పెట్టెలో ఒక ఫోటో దొరికింది. వైడీఎం-4 డీజిల్ ఇంజిన్ ఒక ప్యాసింజర్‌ను లాగుతోంది. పొడవాటి మూతి ముందుకు ఉంది, డ్రైవర్ క్యాబిన్ ఎక్కడో వెనకాల. పక్కన సిగ్నల్ కంబం, దానికి పైన ఒక చేయి, కింద ఒక చేయి. కింది చేతి కొస కోసేసినట్టు చీలి ఉంది. విరిగిపోయిందా, లేక అలాగే చేస్తారా? రెండు చేతులు ఎందుకు? డ్రైవర్‌కి ముందు అంత ఇంజిన్ అడ్డం ఉంటే సిగ్నల్ ఎలా కనపడేది? పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

లాలాగూడ_రైల్‌ఫ్యాన్:
రెండు చేతులు అంటే మెయిన్ లైన్‌కి ఒకటి, లూప్‌కి (స్టేషన్‌లో పక్క లైన్‌కి) ఒకటి అయ్యుంటుంది బ్రో. చరిత్ర కావాలంటే: ఈ లైన్ 1876–78 కరువు తర్వాత కరువు ప్రాంతాలకు ధాన్యం చేరాలని తలపెట్టింది. బళ్ళారి–కృష్ణా స్టేట్ రైల్వే అనేవాళ్లు, నడిపింది సదరన్ మరాఠా కంపెనీ. ఇంజిన్ల సంగతి నాకు ఇంకా బాగా తెలుసు, వైడీఎం-4 నా ఫేవరెట్. ఆ ఫోటో హై రిజల్యూషన్‌లో పెట్టగలవా?

నల్లమల_లోకో:
అబ్బీ, ఫోటో చూసినా. మెయిన్, లూప్ కాదప్పా అది. వాటికి వేరువేరు చేతులు ఉండేది స్టేషన్ మొదట్లో ఉండే హోమ్ సిగ్నల్ దగ్గర. అవి బ్రాకెట్ మీద పక్కపక్కన ఉంటాయి, మెయిన్‌ది ఎత్తుగా, లూప్‌ది కాస్త తగ్గుగా. ఒకే కంబానికి ఒకదాని కింద ఒకటి ఉండి, కిందిదాని కొస చేపతోక మాదిరి చీలి ఉంటే పైది ఔటర్, అంటే హోమ్ కంటే ముందే దూరంగా వచ్చే ఆపే సిగ్నల్; కిందిది వార్నర్, అంటే హెచ్చరించే సిగ్నల్. విరిగింది కాదు, పుట్టుకతోనే అట్లా ఉంటుంది. పగటిపూట దూరం నుంచే ఇది ఆపే చేయి కాదు, హెచ్చరించే చేయి అని తెలియాలని ఆ చీలిక.

చదివే పద్ధతి ఇది. రెండూ అడ్డంగా ఉంటే ఔటర్ దగ్గరే ఆగాల. పైది దిగి, కిందిది అడ్డంగానే ఉంటే లోపలికి రా, కానీ హోమ్ దగ్గర ఆగడానికి సిద్ధంగా రా. రెండూ దిగితే మెయిన్ లైన్ మీద ఆగకుండా పో. రాత్రిపూట ఇదే మాట దీపాలు చెప్తాయి. పైన ఆకుపచ్చ, కింద ఎర్ర అయితే జాగ్రత్తగా లోపలికి. కొన్ని చోట్ల వార్నర్ ఒక్కటే సొంత కంబం మీద ఉంటుంది. అప్పుడు దాని పైన ఎప్పుడూ మారని ఆకుపచ్చ దీపం ఒకటి పెడతారు. అది లేకపోతే చీకట్లో ఒంటి ఎర్ర దీపం చూసి డ్రైవర్ అక్కడే బండి నిలబెడతాడు.

నేను స్టీమ్‌లో ఫైర్‌మన్‌గా చేరి, వైడీఎం-4 మీద అసిస్టెంట్‌గా చేసి, డ్రైవర్‌నై గాజులపల్లె, చలమ, బొగద, దిగువమెట్ట అని ఆ ఘాట్‌లో తిరిగినోణ్ణి. అందుకే రెండో ప్రశ్నకు కూడా నేనే చెప్తా. వైడీఎం-4కి క్యాబిన్ ఒక్కటే. ఒకవైపు పొట్టి మూతి, ఒకవైపు పొడుగు మూతి. పోయేటప్పుడు పొట్టిది ముందుంటే, తిప్పకుండా వచ్చేటప్పుడు పొడుగుది ముందుంటుంది. మనం కూర్చునేది ఎడమపక్క. దారి కుడికి వంపు తిరిగిందంటే నా కళ్ల ముందు ఉండేది ఇంజిన్ ఒళ్లు మాత్రమే. అప్పుడు కుడిపక్క అసిస్టెంటే నాకు కళ్లు. వాడు "ఔటర్ ఆఫ్, వార్నర్ ఆన్" అని గట్టిగా అరవాల, నేను తిరిగి అదే మాట అనాల. రూల్ అదే. ఇంజిన్ చప్పుడులో గొంతు పోయేది. ఆన్ అంటే ఆపమని, ఆఫ్ అంటే పొమ్మని. కొత్తోళ్లు ఇక్కడే తికమక పడతారు.

ఇంజిన్ మంచిదే. అమెరికా ఆల్కో కంపెనీది, మొదటివి 1961లో వచ్చినాయి, 1968 నుంచి వారణాసిలో చేసినారు. ఆరు సిలిండర్లు ఒకే వరసలో, దాదాపు 1,400 హార్స్‌పవర్, ఆరు ఇరుసులు. ఇరుసుకు 12 టన్నుల బరువే కాబట్టి సన్న పట్టాల మీద కూడా నడిచేది. స్టీమ్ నుంచి వచ్చినోడికి దాంట్లో స్వర్గమే, బొగ్గు పార లేదు, కళ్లల్లో నుసి లేదు.

కానీ ఒక మాట చెప్తా, కోపగించుకోవద్దు. ఫ్యాన్లంతా ఇంజిన్ నంబర్లు రాసుకుంటారు, ఇంజిన్ ఫోటోలు దాచుకుంటారు. ఆ అడవిలో మమ్మల్ని నడిపించింది తీగ, బంతి. స్టేషన్ దగ్గర లీవర్ లాగితే కప్పీల మీదుగా పోయే తీగ అంత దూరంలో ఉన్న చేతిని దించేది. తీగ తెగిందా, ఎదురు బరువు చేతిని మళ్లీ అడ్డంగా లేపేస్తుంది. అంటే చెడిపోతే బండి ఆగాల్సిందే గాని, పొమ్మని చెప్పదు. కరెంటు లేదు, కంప్యూటర్ లేదు. ఇంకొకటి నీల్స్ టోకెన్, నేను బంతి అన్నది దాన్నే. ఒంటి లైన్ కదా, రెండు స్టేషన్ల మధ్య ఒక్క బండే ఉండాల. ఇద్దరు స్టేషన్ మాస్టర్లు గంటల సైగతో మాట్లాడుకుని ఒప్పుకుంటేనే మిషన్ నుంచి బంతి ఒకటి బయటికి వస్తుంది. ఆ బంతి చేతిలో లేనిదే బండి ముందుకు కదలగూడదు, సిగ్నల్ దిగినా సరే. తోలు సంచిలో వేసి, పెద్ద బెత్తం రింగుకు కట్టి పోర్టర్ పట్టుకుని నిలబడతాడు. ఆగని బండి అయితే అసిస్టెంట్ మెట్ల మీద వంగి, పాతది వదిలి, కొత్తదాంట్లోకి చేయి దూర్చాల. మోచేయి కమిలిపోయేది. నీ మోడల్‌లో ఆ పోర్టర్‌ను పెట్టకపోతే నాకు చూపించొద్దు.

తీగ_కప్పీ:
పెద్దాయన తీగ మాట ఎత్తారు కాబట్టి రాస్తున్నా. మా నాన్న సిగ్నల్ ఖలాసీ, ఈ లైన్‌లో కాదు, ఇంకో మీటర్‌గేజ్ సెక్షన్‌లో. ఎండాకాలం మధ్యాహ్నం తీగ సాగి చేయి సగమే దిగేది. తెల్లవారుజామున చలికి బిగిసి, ఆన్‌లో ఉండాల్సిన చేయి కాస్త వాలినట్టు ఉండేది, ఆ రెండోది ఇంకా ప్రమాదం. అందుకే లీవర్ దగ్గర తీగ బిగించే స్క్రూ ఉంటుంది, దాన్ని చూసుకుంటూనే ఉండాలి.

మోడల్‌కి పనికొచ్చే విషయం: ఆకుపచ్చ కోసం దీపం ముందు పెట్టే అద్దం విడిగా చూస్తే నీలంగా ఉంటుంది. కిరసనాయిలు దీపం మంట పసుపు కదా, నీలం వెనక పెడితేనే బయటికి ఆకుపచ్చ కనపడేది. నువ్వు మామూలు తెల్ల ఎల్‌ఈడీ పెట్టి నీలం అద్దం వేస్తే నీలమే వస్తుంది, పసుపు ఛాయ ఉన్న వార్మ్ వైట్ ఎల్‌ఈడీ వాడు. చేతి ముందువైపు ఎరుపు మీద తెల్ల పట్టీ, వెనకవైపు తెలుపు మీద నల్ల పట్టీ. వార్నర్ మీద పట్టీ కూడా దాని చీలిక మాదిరే V ఆకారంలో వేస్తారు.

గిద్దలూరు_మోడల్స్:
ఇంత చెప్తారనుకోలేదు సార్. పోర్టర్‌ను తప్పకుండా పెడతా, రింగు కోసం సన్న రాగి తీగ చూస్తున్నా. ఇంకో రెండు అడుగుతా. వైడీఎం-4 నడుస్తుండగా చూడాలంటే ఇప్పుడు ఎక్కడికి పోవాలి? వచ్చే ఆదివారం స్నేహితులతో దొరబావి దాకా నడిచి కొలతలు తీసుకుందామని ఉంది, ఫర్వాలేదా?

లాలాగూడ_రైల్‌ఫ్యాన్:
చూడాలంటే ఊటీ పో. మేట్టుపాళయం నుంచి కూనూరు దాకా స్టీమ్ అయినా, కూనూరు నుంచి ఊటీకి లాగేది వైడీఎం-4లే. ఇందోర్ వైపు పాతాల్‌పానీ–కాలాకుండ్ హెరిటేజ్ బండికి కూడా అవే వాడారు. మన దగ్గర గేజ్ మారాక మిగిలిన కొన్నింటిని బాగుచేసి మయన్మార్ లాంటి దేశాలకు పంపించారు.

నల్లమల_లోకో:
ఊరికే పోవద్దు నాయనా. అది పులుల అడవి. అటవీశాఖ వాళ్లను అడిగి, పర్మిషన్ ఉంటేనే, వాళ్ల మనిషితోనే పో. పాత వంతెన మీదికి ఎక్కే ఆలోచన అసలు పెట్టుకోవద్దు, కొలతలు కింద నుంచే తీసుకో. ఇప్పుడు బండ్లు నడిచే బ్రాడ్‌గేజ్ పట్టాల మీద నడవడం కూడా నేరమే, మేము అటునుంచి వస్తుంటే వంపులో మీరు కనపడరు, ఇందాక చెప్పినా కదా.

మోడల్ మాట. నీ ఫోటోలో ఉన్నట్టే పొడుగు మూతి ముందుకే పెట్టు. బండి దిగువమెట్ట వైపు వస్తుంటే ఔటర్ దించు, వార్నర్ అడ్డంగానే ఉంచు. రెండూ దించినావంటే అది స్టేషన్‌లో ఆగకుండా పోయే బండి అవుతుంది. దిగువమెట్టలో ఆగని ప్యాసింజర్‌ను నేనైతే నడపలేదు.