టీఎల్‌డీలో డొలుటెగ్రావిర్ ఉంది కదా, మళ్లీ విడిగా ఎందుకిచ్చారు?

తెనాలి_తమ్ముడు:
మా బావ 2018 నుంచి హెచ్‌ఐవీకి ఏఆర్‌టీ మందులు వాడుతున్నాడు. మొదట మూడు మందులు కలిపిన టీఎల్‌ఈ మాత్ర ఇచ్చేవాళ్లు, తర్వాత టీఎల్‌డీకి మార్చారు, పొద్దున ఒకటి వేసుకుంటే అయిపోయేది. పోయిన నెల టీబీ అని తేలింది. టీబీ మాత్రలతో పాటు ఇంకో చిన్న డబ్బా ఇచ్చి రాత్రిపూట ఒకటి వేసుకోమన్నారు. దాని మీద డొలుటెగ్రావిర్ 50 అని ఉంది. పాత డబ్బా తిప్పి చూస్తే అందులోనూ అదే పేరు, అదే 50! పొరపాటున రెండుసార్లు రాశారేమో, డోసు ఎక్కువైపోతుందేమోనని అక్క నిన్న రాత్రి వేయనివ్వలేదు. మందుల షాపులో అడిగితే రెండూ ఒకటే, ఒకటి చాలన్నారట. టెన్షన్‌గా ఉంది, ఎవరైనా చెప్పండి.

మందుల_చీటీ (ఫార్మసిస్ట్‌ని):
తమ్ముడూ, ముందు అక్కకు ఫోన్ చేసి ఆ మాత్ర ఆపొద్దని చెప్పండి. అది పొరపాటు కాదు. టీబీ మందుల్లో రిఫాంపిసిన్ ఉంటుంది, మూత్రం నారింజ రంగులో వచ్చేది దానివల్లే. అది ఒంట్లో ఉన్నన్నాళ్లూ లివర్ డొలుటెగ్రావిర్‌ని త్వరత్వరగా కరిగించేస్తుంది, పొద్దున వేసుకున్నది మర్నాటిదాకా సరిపోదు. అందుకే 12 గంటల తేడాతో ఇంకో 50 మి.గ్రా. ఇస్తారు. రిఫాంపిసిన్ అయిపోయాక కూడా రెండు వారాలు వాడాలి.

పేర్ల సంగతికొస్తే, టీ అంటే టెనోఫోవిర్ 300, ఎల్ లామివుడిన్ 300, డీ డొలుటెగ్రావిర్ 50. టీఎల్‌ఈలో చివరిది ఎఫావిరెంజ్ 600. ఒక్క అక్షరం మారితే మందే మారిపోతుంది. ఇదే టీఎల్‌డీని కొందరు డాక్టర్లు టీడీఎఫ్ + 3టీసీ + డీటీజీ అని రాస్తారు. మధ్యలో ప్లస్ గుర్తులు చూసి మూడు వేరే మాత్రలనుకునేవాళ్లు చాలామంది, కానీ మన దగ్గర ఒకే మాత్రలో కలిపినవాటికీ ప్లస్సే వేస్తారు. ఎన్ని మాత్రలో అడిగి తెలుసుకోవాల్సిందే.

గోదారి_అక్క:
మా ఆయనకి యాక్సిడెంటై అడ్మిట్ చేసినప్పుడు కంగారులో నేను టీఎల్‌ఈ అని చెప్పేశాను, అప్పటికి టీఎల్‌డీకి మార్చి ఏడాదైంది. నర్సమ్మ డబ్బా చూపించమని పట్టుబట్టబట్టి సరిపోయింది. అప్పట్నుంచీ మూడు మందుల పూర్తి పేర్లూ, మిల్లీగ్రాములూ కాగితం మీద రాసి పర్సులో పెట్టుకుంటున్నా, డబ్బా ఫొటో కూడా ఫోన్లో ఉంది. ఇంకోటి, ఒక షాపులో 'ఇదీ టెనోఫోవిరే' అని వేరే డబ్బా ఇవ్వబోయారు, చూస్తే టీఏఎఫ్ 25, అది టెనోఫోవిర్‌లోనే వేరే రకం. మాది టీడీఎఫ్ 300. పేరు ఒకటే కదా అని తీసుకోవద్దు బాబూ, రిఫాంపిసిన్ వాడేవాళ్లయితే అసలే వద్దు. గ్యాస్‌కి యాంటాసిడ్ తాగే అలవాటుంటే డొలుటెగ్రావిర్ దానికి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి.

తెనాలి_తమ్ముడు:
అక్కకు చెప్పేశాను, ఈ రాత్రి తొమ్మిదికి వేస్తానంది. నిన్న తప్పినదానికి ఇవాళ రెండు వేయాలా?

మందుల_చీటీ:
వద్దు, ఒకటే. నిన్న ఒక డోసు తప్పిందని మాత్రం రేపు ఏఆర్‌టీ సెంటర్‌లో చెప్పండి, ఎవరూ తిట్టరు. ఈలోగా ఏదైనా అడగాలంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, ఫ్రీయే.