అటక మీద నాలుగు పిల్లికూనలు, చిన్నదాని బరువు తగ్గుతోంది

పెరటిజామ:
మా అటక మీద వీధిపిల్లి ఈని అయిదు రోజులయింది. నాలుగు కూనలు. తల్లి కొంత మచ్చికే, కిందికొచ్చి తిని మళ్ళీ పైకి పోతుంది. ఈ పొద్దున వంటింటి తూకం మీద మూడు కూనలు 152, 147, 139 గ్రాములు తూగాయి. నాలుగోది 84. నిన్న 87 ఉంది. మిగతావి తాగి పడుకుంటే అదొక్కటే మూలుగుతూ పక్కకి జరిగిపోతోంది. అత్తయ్యగారు ఆవుపాలల్లో నీళ్ళు కలిపి ఉగ్గుగిన్నెతో పోయమంటున్నారు. పోయొచ్చా? అటక మీద చీమలు కూడా మొదలయ్యాయి. కూనల్ని కిందికి తెస్తే తల్లి వదిలేస్తుందా? పక్కింటివాళ్ళు నెల నిండగానే రెండు ఇమ్మన్నారు, ఇవ్వొచ్చేమో అదీ చెప్పండి.

తూకంరాయి:
ఉగ్గుగిన్నె వద్దండీ. పసిబిడ్డకి పోసినట్టు వెల్లకిలా పెట్టి పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. న్యుమోనియా వచ్చి కూన పోతే, పాలు పడలేదనుకుంటారు. ఆవుపాలూ వద్దు. పిల్లిపాలలో మాంసకృత్తులు ఆవుపాలకి దాదాపు రెట్టింపు. ఆవుపాలకి నీళ్ళు కూడా కలిపితే పొట్ట నిండుతుంది గానీ బరువు రాదు, పైగా విరేచనాలు పట్టుకుంటాయి. పెంపుడు జంతువుల దుకాణంలో పిల్లికూనల పాలపొడి అని అడిగి తెచ్చుకోండి. పసిపిల్లల పాలడబ్బా దానికి బదులు కాదు.

పాలకన్నా ముందు వెచ్చదనం. చిటికెనవేలు దాని నోట్లో పెట్టి చూడండి. లోపల చల్లగా తగిలితే ఒక్క చుక్క కూడా పోయకూడదు. ఒళ్ళు చల్లబడ్డ కూనకి పేగులు కదలవు, పాలు అరక్కుండా లోపలే నిలిచిపోతాయి. వేడినీళ్ళ సీసాని మందపాటి తువ్వాలులో చుట్టి, పెట్టెలో ఒక పక్కన మాత్రమే పెట్టండి. వేడెక్కువైతే కూన రెండో పక్కకి పాక్కుంటూ పోగలగాలి. గంట, గంటన్నర పట్టినా సరే, నిదానంగానే వెచ్చబడాలి. మొదటి వారం పెట్టెలో 30 డిగ్రీలు ఉండాలి, ఫ్యాను గాలి నేరుగా తగలకూడదు.

వెచ్చబడ్డాక నోరు తెరిచి అంగిలి చూడండి. చీలిక ఉన్నా, తాగేటప్పుడు ముక్కులోంచి పాలు వచ్చినా ఇంట్లో ఏమీ పోయొద్దు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. అంగిలి బాగుంటే మిగతా మూడింటినీ ఇరవై నిమిషాలు వేరే వెచ్చగా ఉంచి, దీన్నొక్కదాన్నే తల్లి పొట్ట దగ్గర వదలండి. తాగకముందూ తాగాకా తూచండి. ఒక్క గ్రాము కూడా తేడా లేకపోతే పాలు లోపలికి పోవట్లేదు, ఉత్తినే చప్పరిస్తోంది.

అప్పుడు పైపాలు పట్టాలి. సూది లేని 1 మి.లీ. సిరంజి చాలు. కూన బోర్లా ఉండాలి, తల కాస్త పైకి, అచ్చం తల్లి దగ్గర తాగేటప్పుడు ఉన్నట్టే. పాలు మణికట్టు మీద గోరువెచ్చగా తగలాలి. చుక్క చుక్కగా నాలుక మీద వదలండి, మింగాకే తర్వాతి చుక్క. 100 గ్రాముల బరువుకి రోజుకి 20 మి.లీ. లెక్కన మీదానికి 17 కావాలి. అంటే రెండు గంటలకోసారి ఒకటిన్నర మి.లీ., రాత్రి కూడా. తల్లి దగ్గర ఎంత తాగితే అంత తగ్గించుకోవచ్చు. ఒక్క విడతలో 3 దాటించొద్దు, దాని పొట్ట అంతకన్నా పట్టదు.

రోజూ ఒకే వేళకి తూచి కాగితం మీద రాయండి. 10 నుంచి 15 గ్రాములు పెరగాలి. ఒకరోజు పెరగకపోతే కన్నేసి ఉంచాలి, తగ్గిందంటే ఆగకూడదు. మీది ఇప్పటికే తగ్గింది కాబట్టి ఇవన్నీ చేస్తూనే ఇవాళే పశువైద్యుడికి చూపించండి.

మూడురంగులపిల్లి:
పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందనే సామెత మనకుందిగా. చోటు మారితే తల్లికి బెదురు లేదు, మీరు ముట్టుకున్నారని వదిలెయ్యదు కూడా. కాకపోతే మార్చడం దాని కళ్ళెదుటే చెయ్యండి. పరుపుగుడ్డ మార్చకుండా అదే వాసనతో అట్టపెట్టెలో వేసి, మనుషులు తిరగని గదిలో పెట్టండి. నచ్చకపోతే అదే వేరే చోటికి మోసుకుపోతుంది, ఆపకండి.

చీమల సంగతి మాత్రం ఈ క్షణమే చూడండి. కళ్ళు తెరవని కూనని చీమలు పడితే కనురెప్పలూ బొడ్డూ కొరికేస్తాయి. పెట్టెని స్టూలు మీద పెట్టి నాలుగు కాళ్ళ కిందా నీళ్ళ గిన్నెలు ఉంచండి. రెండు వారాల తర్వాత అవి నడవడం మొదలెడతాయి, అప్పుడు స్టూలు మీంచి పడతాయి కాబట్టి నేల మీదికి దించాలి. చీమల చాక్‌పీసు గీయడం, దోమల మందు కొట్టడం రెండూ వద్దు. వాటిలో ఉండే మందులు చాలావరకు పిల్లులకి విషం. నాఫ్తలీన్ ఉండలూ అంతే.

తల్లి తిండి కూడా చూసుకోండి. పాలిచ్చే పిల్లికి మామూలుగా తినేదానికి రెండు మూడు రెట్లు కావాలి. పెరుగన్నంతో పాలు రావు. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించి ఎముకలు తీసిన కోడిమాంసం, గుడ్డు, వీలైతే పిల్లికూనల పొడి తిండి పెట్టండి. నీళ్ళు పెట్టెకి దగ్గర్లోనే ఉండాలి.

పెరటిజామ:
డాక్టరు చూశారు, అంగిలి బాగుందన్నారు. పైపాలు పట్టిస్తున్నాం, ఇవాళ్టికి పదో రోజు, చిన్నది 121. తల్లి కింది గదికి అలవాటు పడింది. ఇప్పుడు పెద్దదాని కన్ను ఒకటి తెరుచుకుని మళ్ళీ అతుక్కుపోయింది, రెప్ప కింద ఉబ్బుగా ఉంది. ఆముదం చుక్క వెయ్యమంటున్నారు.

తూకంరాయి:
అయిదు రోజుల్లో 37 గ్రాములు. అది ముందు తగ్గిన కూన కదా, బాగానే కోలుకుంటోంది. మిగతావాటితో సమానంగా లేదని పాలు పెంచెయ్యకండి, బరువుని బట్టే పెంచండి.

కంట్లో ఆముదం వద్దండీ. కాచి చల్లార్చిన నీళ్ళలో దూది ముంచి రెప్ప మీద రెండు నిమిషాలు ఉంచితే ఎండిన పుసి నానుతుంది. ముక్కు వైపు నుంచి బయటికి మెల్లగా తుడవండి. ఒక్కో కంటికీ వేరే దూది. గోళ్ళతో లాగొద్దు. ఉబ్బు ఉందంటే రెప్ప వెనక చీము చేరిందనే అర్థం, అది అక్కడే ఉండిపోతే కనుగుడ్డు దెబ్బతింటుంది. అందుకని ఇవాళే డాక్టరు చేత తెరిపించి చుక్కలమందు రాయించుకోండి. ఇంట్లో ఉన్న పాత చుక్కలు వాడకండి. స్టెరాయిడ్ కలిసినదైతే కంట్లో ఉన్న పుండు పెద్దదవుతుంది.

మూడురంగులపిల్లి:
ఇక పక్కింటివాళ్ళ మాట. నెలకి ఇవ్వొద్దు, కనీసం ఎనిమిది వారాలు ఆగమనండి. పన్నెండు దాకా ఉంచగలిగితే ఇంకా మంచిది. నెల కూన అప్పుడప్పుడే తిండి రుచి చూస్తుంటుంది. గట్టిగా కొరక్కూడదని, గోళ్ళు ముడవాలని తోడు కూనల దగ్గరే నేర్చుకుంటుంది. నెలకే పంపితే కొత్త ఇంట్లో పాలన్నం పెడతారు, విరేచనాలతో వారంలో ఒళ్ళు ఎండిపోతుంది.

ఈ లోపు చేయాల్సిన పనులు చాలానే ఉన్నాయి. రెండో వారం నిండగానే నులిపురుగుల మందు. తల్లిపాల నుంచే పురుగులు వస్తాయి కాబట్టి తల్లికీ వెయ్యాలి. పైరాంటెల్ మందు, ఎంతో డాక్టరు బరువు చూసి చెబుతారు, రెండేసి వారాలకోసారి ఎనిమిదో వారం దాకా. మూడో వారం నుంచి చేతుల్లోకి తీసుకోవడం, కుక్కరు కూతకీ మిక్సీ చప్పుడుకీ అలవాటు చెయ్యడం మొదలెట్టండి. ఏడో వారం దాటాక మొదలెడితే బెదురు పోవడానికి చాలా కాలం పడుతుంది. నాలుగో వారం వెడల్పు పళ్ళెంలో మెత్తటి తిండిని పాలపొడి నీళ్ళతో జారుగా కలిపి పెట్టండి. మొదట్లో అందులో దొర్లుతాయి, తుడిచి వెచ్చగా ఆరబెట్టండి. అప్పుడే దొడ్డికి కూర్చోవడానికి లోతులేని తట్టలో రెండు వేళ్ళ మందం జల్లించిన ఇసుక పొయ్యండి. ఇసుకకి బదులు దుకాణాల్లో అమ్మే, తడిస్తే గడ్డకట్టే లిట్టర్ మాత్రం ఈ వయసులో వద్దు. నోట్లో పెట్టుకుంటాయి, పేగుల్లో ముద్దకడుతుంది.

ఎనిమిదో వారానికి 800 గ్రాములు దాటి ఉండాలి. అప్పుడు మొదటి టీకా, ఆపైన మూడు నాలుగు వారాలకోసారి పదహారో వారం దాకా. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. టీకా పడనిదాన్ని వేరే పిల్లులున్న ఇంటికి పంపకండి, పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ జబ్బు సోకితే కూనలు బతకడం కష్టం.

ఇచ్చేటప్పుడు ఆడా మగా సరిగ్గా చెప్పండి. తోకెత్తి చూస్తే మగదానికి విసర్గలా రెండు చుక్కలు, మధ్య ఎడం ఉంటుంది. ఆడదానికి చుక్క కింద ఆనుకునే నిలువు గీత. మూడు రంగులుంటే దాదాపుగా ఆడదే. ఆడకూన నాలుగు నెలలకే ఎదకి రావచ్చు, అయిదో నెలలోపు ఆపరేషన్ చేయిస్తామని ఒప్పుకున్నవాళ్ళకే ఇవ్వండి. అపార్ట్‌మెంటు అయితే బాల్కనీకి వల ఉందో లేదో వెళ్ళి చూసి రండి. టీకా కార్డుతో పాటు వారానికి సరిపడా ఇప్పుడు తింటున్న తిండే ఇచ్చి పంపండి, ఒక్కసారిగా మారిస్తే కడుపు చెడుతుంది. ఒకే ఇంటికి రెండు వెళ్ళడం నిజంగా మంచిదే, ఒకదానికొకటి తోడు.

తల్లిని మరిచిపోకండి. పాలిస్తుండగానే మళ్ళీ కడుపుతో ఉండొచ్చు, 63 నుంచి 65 రోజుల్లో ఇంకో ఈత. కూనలు తిండికి మళ్ళి పాలు మానగానే, రెండు వారాలు ఆగి పొదుగు ఎండాక ఆపరేషన్ చేయించండి. అప్పటిదాకా దాన్ని బయటికి వదలొద్దు, ఆ గదిలోనే ఉంచండి.