షీట్ మెటల్‌తో వింగ్ నట్: కాలర్ పగలకుండా ఎలా?

అందరికీ నమస్కారం. మాది చిన్న ఫ్యాబ్రికేషన్ షాపు. మందు కొట్టే స్ప్రేయర్ల మూతలకు పానా అవసరం లేకుండా చేత్తోనే బిగించే ఎం6 (6 మి.మీ. బోల్టుకు సరిపోయే) వింగ్ నట్లు, అంటే రెక్కల నట్లు కావాలన్నారు. బజార్లో పోతపోసినవి దొరుకుతాయి, కానీ అడిగినవాళ్లకు వెడల్పాటి రెక్కలు కావాలట. పొలంలో తడి చేతులు కదా, న్యాయమే.

1.6 మి.మీ. సీఆర్ (కోల్డ్ రోల్డ్) స్టీల్ షీట్‌లో రెక్కలు కోసి, ప్రెస్ మీద పైకి వంచడం బాగానే వస్తోంది. చిక్కంతా మరల దగ్గరే. ఎం6 పిచ్ (మరకూ మరకూ మధ్య దూరం) 1 మి.మీ., అంటే షీట్ మందంలో రెండు మరలు కూడా పట్టవు. రెండుసార్లు గట్టిగా బిగిస్తే జారిపోతుంది. అందుకే చిన్న రంధ్రం వేసి, పంచ్‌తో అంచును కిందికి లాగి కాలర్ (పొట్టి గొట్టంలాంటి అంచు) తీస్తున్నాం. కనీసం 3 మి.మీ. ఎత్తు కావాలి. అక్కడ అంచు పగుళ్లు ఇస్తోంది.

మొదటి రంధ్రం ఎంత సైజు పెట్టాలి? దాని బర్ (రంధ్రం అంచున మిగిలే గరుకు) పంచ్ వైపు ఉండాలా, కింది డై వైపా? మర కోసే మామూలు ట్యాప్‌కు కాలర్ లోపలి వ్యాసం 5 మి.మీ. చాలు, కోయకుండా లోహాన్ని నొక్కి మర తీసే ఫార్మింగ్ ట్యాప్‌కైతే 5.5 దాకా కావాలి. పల్చటి కాలర్‌కు ఏది మంచిది? జింక్ ప్లేటింగ్ తర్వాత మర బిగుసుకుంటుందేమోనని ఇంకో టెన్షన్.

వెల్డ్ నట్ (షీట్‌కు వెల్డింగ్ చేసే రెడీమేడ్ నట్) అతికించమని చెప్పకండి, ఆ ఖర్చు గిట్టదు. ఈ పని చేసినవాళ్లు పంచ్ కొన ఆకారం కూడా చెబితే ఇంకా మేలు.