ఫౌండేషన్ తొలి మూడు భాగాలు అయ్యాయి, తర్వాత ఏది?

సైన్స్ ఫిక్షన్ రచయిత అసిమోవ్ 'ఫౌండేషన్' నవలల్లో తొలి మూడు పుస్తకాలు (1951–53) ఈమధ్యే పూర్తిచేశాను. మ్యూల్ అనే పాత్ర అడుగుపెట్టిన రెండో భాగం ముందు మూడోది చప్పగా అనిపించింది, అది వేరే సంగతి. పూర్వకథ కదా అని 1988 నాటి 'ప్రిల్యూడ్ టు ఫౌండేషన్' పట్టుకున్నాను. కథానాయకుడు సెల్డన్ మైకోజెన్ అనే ప్రాంతం చేరి, పాత రోబోల ఊసు మొదలయ్యేసరికి ఏదో గుట్టు ముందే బయటపడేలా ఉందని ఆపేశాను. అందులో రచయిత ఇచ్చిన తన పుస్తకాల జాబితా కూడా చూశాను. అది కథాకాలం ప్రకారం, ఆయన మరో వరుస అయిన రోబో కథలతో మొదలవుతుంది, నా సందేహం తీరలేదు. ఇప్పుడు 1982 నాటి 'ఫౌండేషన్స్ ఎడ్జ్' చేతిలో ఉంది. మలుపులు బయటపెట్టకుండా చెప్పండి: దీనికి ముందు రోబో నవలలు, కనీసం 'ది కేవ్స్ ఆఫ్ స్టీల్' (1954), చదివి తీరాలా?