పటమటలో డాబా మీద కొలిమి పెట్టాలనుంది: దాగలి, బొగ్గులు, కమాన్ కట్ట గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

కొత్త_సమ్మెట (విజయవాడ)
నమస్కారం అండి. కమ్మరి పని నేర్చుకోవాలని ఉంది. ఆదివారాలు మాత్రమే ఖాళీ. ఆటోనగర్‌లో పాత ఇనుము కొట్టు నుంచి లారీ కమాన్ కట్ట (బరువు మోసే స్ప్రింగు పట్టీల కట్ట) లోని పట్టీ ఒకటి తెచ్చాను. ముందు కూరగాయల కత్తి, తర్వాత మా తాతయ్య పొలానికి కొడవలి చేయాలని కోరిక. అడగాల్సినవి నాలుగు. దాగలి (కాల్చిన ఇనుము పెట్టి కొట్టే దిమ్మ) ఎక్కడ దొరుకుతుంది, దొరక్కపోతే బదులు ఏం వాడొచ్చు? కట్టె బొగ్గా, రాతి బొగ్గా, గ్యాసా? డాబా మీద కొలిమి పెట్టుకోవచ్చా (కింద ఇంటివాళ్ళు ఉంటారు, అమ్మకి నిప్పురవ్వలంటే టెన్షన్)? గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల పక్కన కూర్చోబెట్టుకుని నేర్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

కమాన్‌కట్ట (ఆటోనగర్)
తమ్ముడూ, ముందు ఒక మాట చెప్పు. ఆ పట్టీ విరిగిన కట్టలోదా, బాగున్నదా? ఏళ్ళ తరబడి లోడు మోసిన పట్టీలో కంటికి కనపడని పగుళ్ళు ఉంటాయి. మా దగ్గరికి వచ్చే కుర్రాళ్ళు చవగ్గా ఉందని విరిగిన ముక్కే పట్టుకెళ్తారు, తర్వాత కత్తి మధ్యలో చీలిందని వచ్చి మమ్మల్ని అంటారు. నడిమి బోల్టు బెజ్జం చుట్టూ, క్లిప్పు నొక్కుకున్న చోటా పగుళ్ళు ఎక్కువ. ఆ భాగం తీసెయ్. మిగతాది తుప్పు పోయేలా తోమి, కిరోసిన్ పూసి కాసేపు వదిలి, పొడిగా తుడిచి, పైన సుద్దపొడి చల్లు. పగులుంటే లోపల దాగిన కిరోసిన్ సుద్ద మీద గీతలా తేలుతుంది. గ్యాస్ కట్టర్‌తో కోయించి ఉంటే కోసిన అంచు పెళుసుగా ఉంటుంది, గ్రైండర్‌తో అది కూడా తీసెయ్యాలి.

తెనాలి_కొలిమి
మా ఇంట్లో ముత్తాతల నుంచి ఇదే వృత్తి. కత్తితో మొదలుపెట్టొద్దు బాబూ. పది ఎం.ఎం. నున్నటి ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్, అంటే మెత్తటి ఉక్కు) ఊచ తెచ్చుకో. మొన సాగదీయడం, పలక చేయడం, వంచడం, మెలితిప్పడం దాని మీద నేర్చుకో. కొక్కేలు చెయ్యి, మేకులు చెయ్యి. టీఎంటీ కడ్డీ వద్దు, పైన గట్టి, లోపల మెత్తన, దెబ్బ ఎటు పోతుందో తెలియదు. చెయ్యి ఒకే చోట పడటం వచ్చాక కత్తి.

ఇంకోటి. కత్తికి ప్రాణం నీళ్ళు పెట్టడంలో, అంటే ఎర్రగా కాల్చి ముంచి గట్టిపరచడంలో ఉంది. నీళ్ళలోనే పెట్టాలి. ఈ మధ్య ఎవర్ని చూసినా నూనె డబ్బా పట్టుకుంటున్నారు, అదంతా ఫోన్లో వీడియోలు చూసి నేర్చింది. మా నాన్న చేసిన కొడవళ్ళు కొల్లిపర దాకా వెళ్ళేవి, ఒక్కటి పగల్లేదు.

హీట్‌ట్రీట్_గుంటూరు
పెద్దవారు, మీ అనుభవాన్ని గౌరవిస్తాను. కానీ కొత్తవాడికి ఈ సలహా ప్రమాదం. నాది హీట్ ట్రీట్‌మెంట్ షాపులో సూపర్‌వైజర్ పని, రోజూ చేసేది ఇదే. కమాన్ పట్టీలో కర్బనం అర శాతం పైన ఉంటుంది. దాంతోపాటు సిలికానో, క్రోమియమో కలుస్తుంది. ఇది నూనెలో గట్టిపడటానికి తయారుచేసిన ఉక్కు. నీళ్ళలో పైపొర ఒక్కసారిగా చల్లబడి బిగుసుకుంటుంది, లోపలిది ఆలస్యంగా మారుతూ ఉబ్బుతుంది, ఆ లాగుడుకి సన్నటి అంచు పగులుతుంది. టక్‌మని శబ్దం వస్తే ఆ కత్తి అయిపోయినట్టే. కొత్తవాళ్ళు తాజా వేరుశనగ నూనెని యాభై డిగ్రీల దాకా వేడిచేసి వాడండి. కాల్చిన ఇంజన్ ఆయిల్ మాత్రం వద్దు, ఆ పొగ ఊపిరితిత్తులకి మంచిది కాదు.

తెనాలి_కొలిమి
ప్రమాదమా? షాపులో మీటర్ చూసి స్విచ్ వేసేవాళ్ళు కొలిమి దగ్గర కూర్చున్నవాడికి ప్రమాదం గురించి చెప్తున్నారు. పూర్వం నిజామాబాద్ వైపు కోనసముద్రంలో ఉక్కు చేసినవాళ్ళు ఏ మీటర్ చూశారండీ? ఆ ఉక్కే డమాస్కస్ దాకా పోయి కత్తులైంది.

హీట్‌ట్రీట్_గుంటూరు
అది మూసలో కరిగించి తీసిన ఉక్కు, కర్బనం ఒక శాతం దాటి ఉంటుంది. దాన్ని తక్కువ కాకలో, ఓపికగా కొట్టాలి. లారీ పట్టీకీ దానికీ పోలిక లేదు. కోనసముద్రం పేరు చెప్పి నీళ్ళ వాదన నెగ్గదు.

సత్తెనపల్లి_రైతు
దాగలికి అంత ఆలోచన ఎందుకయ్యా? రైలు పట్టా ముక్క ఒకటి సంపాదించు. విజయవాడలో పట్టాలకేం కొదవ.

రిటైర్డ్_గ్యాంగ్‌మన్
ఆ "సంపాదించు" అనే మాట దయచేసి వెనక్కి తీసుకోండి. రైల్వే ఆస్తి అక్రమంగా దగ్గర ఉంచుకోవడం మీద 1966లోనే చట్టం ఉంది. మొదటిసారి పట్టుబడినా ఐదేళ్ళ దాకా జైలు పడవచ్చు. ట్రాక్ పక్కన పడి ఉన్న ముక్క ఎవరిదీ కాదనుకోవద్దు. రైల్వే స్క్రాప్‌ని వేలంలో అమ్ముతుంది. వేలంలో కొన్న వ్యాపారి బిల్లు ఇస్తేనే కొనండి, ఆ బిల్లు ఇంట్లో దాచుకోండి. సర్వీసంతా ఆ పట్టాల మీదే గడిపాను, ఈ మాట తేలిగ్గా తీసుకుంటే నాకు కోపం వస్తుంది.

సత్తెనపల్లి_రైతు
దొంగతనం చేయమని ఎవరన్నారు సామీ? కొనమనే అన్నాను.

కమాన్‌కట్ట (ఆటోనగర్)
రైలు ముక్క దొరికినా పడుకోబెట్టి కొడితే లాభం లేదు. దాని నడుం సన్నం, దెబ్బకి ఊగుతుంది. నిలబెట్టి పాతాలి, అప్పుడు సుత్తి కింద బరువంతా వస్తుంది. అంతకంటే మేలైనది పెద్ద షాఫ్టు ముక్క. హైడ్రాలిక్ రాడ్డో, లారీ యాక్సిలో నిలువుగా దుంగలో దిగ్గొట్టు. ఎత్తు ఎంతుండాలంటే, నిలబడి చెయ్యి వేలాడేస్తే పిడికిలి కణుపులు దాగలి ముఖానికి తగలాలి. మన పాత కమ్మరులు కూర్చుని కొడతారు కాబట్టి వాళ్ళ దాగలి నేలకి దగ్గరగా ఉంటుంది. నడుం నొప్పులు లేని వయసు నీది, అయినా నిలబడే నేర్చుకో.

మంగళగిరి_ఉలి
ఆన్‌లైన్‌లో దాగలి కొనేవాళ్ళకి నా మాట. నాకు వచ్చింది పోత ఇనుముది. పైన రంగు నిగనిగలాడుతోంది, మూల మీద ఒక్క దెబ్బ పడగానే పెంకులా ఊడింది. అమ్మినవాళ్ళు "వాడకంలో పోయింది" అని డబ్బు వెనక్కివ్వలేదు. బేరింగ్ గుండుని జానెడు ఎత్తు నుంచి ముఖం మీద వదలండి. మంచి ఉక్కయితే చాలావరకు తిరిగి ఎగురుతుంది, పోత ఇనుమైతే చప్పగా పడిపోతుంది.

నేను కొయ్య చెక్కుతాను, నా ఉలులు నేనే చేసుకుంటాను. కారు స్ప్రింగు చుట్టను కొలిమిలో ఎర్రగా కాల్చి, బూడిదలో పాతి రాత్రంతా వదిలేస్తే పొద్దుటికి మెత్తబడుతుంది. అప్పుడు ఆకురాయికి లొంగుతుంది. తెల్ల పొనికి లాంటి మెత్తటి కొయ్యకి ఉలి అంచు చాలా పలుచగా ఉండాలి, బజారు ఉలి ఆ పనికి రాదు. నేర్చుకుంటానని కొలిమి దగ్గరికి వెళ్తే "ఇంట్లో మగవాళ్ళని పంపమ్మా" అన్నవాళ్ళే ఎక్కువ. తిత్తులు ఊదింది, సమ్మెట ఎత్తింది తరతరాలుగా ఆ ఇళ్ళ ఆడవాళ్ళే కదా! ఆ సంగతి ఇక్కడ ఎవరూ ఎత్తలేదు.

తెనాలి_కొలిమి
నిజం అమ్మా. మా అమ్మ సమ్మెట వేస్తే నాన్న చిన్నసుత్తితో చోటు చూపేవాడు. నీకు అలా చెప్పినవాళ్ళు తప్పు చెప్పారు.

కొత్త_సమ్మెట (విజయవాడ)
అందరికీ థాంక్స్. బొగ్గుల గురించి, డాబా గురించి ఎవరూ చెప్పలేదు. కొంచెం చూడండి.

బాపట్ల_బొగ్గు
డాబా మీద వద్దు. కాలిన బొగ్గు నేరుగా స్లాబు మీద పడితే కాంక్రీటు పొరలుగా పేలుతుంది. కట్టె బొగ్గు చిటపటలాడి రవ్వలు రేపుతుంది, గాలికి పక్కింటి ఆరేసిన బట్టల మీద పడతాయి. దాగలి చప్పుడు స్లాబు గుండా కింద ఇంటికి మోగుతుంది. అమ్మగారి టెన్షన్ న్యాయమైనదే. నేల మీద రేకుల షెడ్డు, రెండు వైపులా తెరిచి ఉన్నది చూసుకో. మూసిన గదిలో బొగ్గు కాల్చావంటే వచ్చే విషవాయువుకి వాసన కూడా ఉండదు.

రాతి బొగ్గు అంటే మనకి సింగరేణి. అది కోక్ కట్టే రకం కాదు. విదేశీ వీడియోల్లో బొగ్గు ముద్దగా అతుక్కుని మంట చుట్టూ గుహలా కడుతుంది చూడు, అది ఇక్కడ కుదరదు. బూడిద ఎక్కువ, చిట్టెం (కరిగి గడ్డకట్టిన బూడిద) గాలి గొట్టం నోట్లో పేరుకుంటుంది, పొగకి వీధంతా గొడవ చేస్తుంది. తుమ్మ బొగ్గో, సరుగుడు బొగ్గో తీసుకో. కోడిగుడ్డంత ముక్కలు చేసి, పొడి జల్లించి వాడు. గాలి తక్కువ పెట్టు. పెద్ద బ్లోవర్ పెడితే బస్తా మధ్యాహ్నానికే అయిపోతుంది. ఈ మధ్య గ్రిల్ హోటళ్ళు మంచి బొగ్గంతా ఎత్తుకుపోతున్నాయి, మాకు మిగిలేది నుసి.

గాలి గొట్టానికి జీఐ పైపు పెట్టొద్దు. దాని మీదున్న జింకు వేడికి ఆవిరై తెల్లటి పొగ వస్తుంది. అది పీలిస్తే రాత్రికి చలిజ్వరం. వెల్డింగ్ చేసే మా తమ్ముడు మంచం పట్టింది దానివల్లే.

హీట్‌ట్రీట్_గుంటూరు
మంచి పోస్టు. మళ్ళీ నీళ్ళ విషయానికి వస్తాను, అది తేలకుండా వదలడం నాకిష్టం లేదు. తెనాలి వారిని ఒకటే అడుగుతున్నాను. మీ నాన్నగారు కొడవలి మొత్తం ముంచేవారా, అంచు మాత్రమేనా?

తెనాలి_కొలిమి
మొత్తం ఎవరు ముంచుతారు? అంచు మాత్రమే, రెండు రెప్పపాట్లు. తీసి రాయితో గబగబా రుద్ది మెరిపిస్తే వీపులో ఉన్న కాక అంచుకి పాకుతుంది. ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత గోధుమ, ఊదా, నీలం. కొడవలికి గోధుమ రంగు రాగానే మళ్ళీ ముంచేస్తాం. నీలం దాకా పోతే అంచు వంగుతుంది. ఇదంతా నీడలో చూడాలి. ఎండలో కాక రంగు తెలియదు, అందుకే మా కొలిమి చీకటి మూలన ఉంటుంది.

హీట్‌ట్రీట్_గుంటూరు
ఈ సంగతి మొదటి పోస్టులోనే రాసి ఉంటే సగం గొడవ ఉండేది కాదు! మీరు చెప్పింది అంచు గట్టిపరచడం, అదే కాకతో టెంపరింగ్ (పెళుసుదనం తగ్గించడం), రెండూ ఒకే ఊపులో. అది సరైన పనే. "నీళ్ళలోనే పెట్టాలి" అని మాత్రం రాస్తే కొత్త కుర్రాడు కత్తి మొత్తం బకెట్లో పడేస్తాడు. అతని కోసం నా పద్ధతి చెప్తాను. కత్తి రూపం వచ్చాక ఎర్రగా కాల్చి గాలికి చల్లార్చాలి, కాక కొంచెం తగ్గిస్తూ మూడుసార్లు. దెబ్బలకి చెదిరిన రవ్వ (ఉక్కు లోపలి కణాల అమరిక) సర్దుకుంటుంది. తర్వాత అయస్కాంతం పెట్టి చూడాలి. 770 డిగ్రీల దగ్గర ఉక్కు అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అక్కడి నుంచి ఇంకాస్త, 830 నుంచి 860 మధ్యకి తెచ్చి నూనెలో నిలువుగా దించాలి, అటూ ఇటూ ఊపొద్దు. ఆకురాయి అంచు మీద జారిపోతే గట్టిపడినట్టు. వెంటనే ఇంటి ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు. నూనె అంటుకుంటే నీళ్ళు పోయకూడదు, మూత పెట్టాలి. మూత ముందే చేతికి అందేలా ఉంచుకోవాలి.

తెనాలి_కొలిమి
రవ్వ గురించి చెప్పింది సబబు. నూనె సంగతి మీ ఇష్టం. నా కొలిమిలో నీళ్ళే.

వన్‌టౌన్_కుర్రాడు
బ్రో, సినిమాల్లో లాంటి పొడవాటి కత్తి చేయాలంటే ఎంత పట్టీ కావాలి?

రిటైర్డ్_గ్యాంగ్‌మన్
బాబూ, ఇంటికీ పొలానికీ వాడేవి కాకుండా తొమ్మిది అంగుళాల కంటే పొడవు లేదా రెండు అంగుళాల కంటే వెడల్పున్న కత్తులు ఆయుధాల నిబంధనల్లోకి వస్తాయి. ఆ సరదా ఇక్కడ మాట్లాడకు. నేర్చుకునేవాళ్ళకి చెడ్డపేరు వస్తుంది.

సత్తెనపల్లి_రైతు
పీఎం విశ్వకర్మ కింద శిక్షణ ఇస్తున్నారుగా, ఆ కుర్రాడు అందులో చేరొచ్చుగా?

తెనాలి_కొలిమి
2023లో పెట్టిన పథకం అది. అందులో పద్దెనిమిది వృత్తుల్లో మాదొకటి. శిక్షణ రోజుల్లో రోజుకు 500, పనిముట్లకి 15,000. కానీ ఇప్పటికే చేతిపని చేసుకుని బతికేవాళ్ళకి అది, ఉద్యోగం ఉండి సరదాకి నేర్చుకునేవాళ్ళకి కాదు. మా బావమరిదికి వచ్చింది, నాకు రాలేదు. ఫైలు ఏ బల్ల మీద ఆగిందో చెప్పినవాడు లేడు. వరికోత మెషీన్లు వచ్చాక కొడవలి అడిగేవాళ్ళు తగ్గారు, మా పిల్లలు వెల్డింగ్ షాపుల్లో చేరారు. అందుకే ఎవరైనా నేర్చుకుంటానంటే నాకు కోపంతో పాటు ఆశ కూడా కలుగుతుంది.

పటమట బాబూ, ఆదివారం పొద్దున్నే రా. ఎండెక్కక ముందే పని ఆపేస్తాం, వేసవిలో కొలిమి దగ్గర మధ్యాహ్నం ఉండటం వడదెబ్బని పిలవడమే. నూలు చొక్కా, నూలు ప్యాంటు వేసుకో. నైలాన్‌ది రవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. చెప్పులు వద్దు, బూట్లు. కళ్ళజోడు. పట్టకారు పట్టే చేతికి తోలు గ్లవ్ ఉంటే మంచిది, సుత్తి చేతికి వద్దు, పట్టు జారుతుంది. సుత్తి కిలో బరువు మించకూడదు. కమాన్ పట్టీ ఇంట్లోనే వదిలేసి రా.

కొత్త_సమ్మెట (విజయవాడ)
తప్పకుండా వస్తానండి. అడ్రస్ మెసేజ్ పెట్టండి. ఎం.ఎస్. ఊచ నేనే తెస్తాను.

మంగళగిరి_ఉలి
బాబాయ్ గారూ, నేనూ రావచ్చా? పట్టకారు చేయడం నేర్చుకోవాలి. బజారువి ఊచని గట్టిగా పట్టవు, మూతి సరిపోదు.

తెనాలి_కొలిమి
రా అమ్మా. మొదటి పాఠం పట్టకారే పెడదాం, ఇద్దరికీ పనికొస్తుంది. రివెట్ రంధ్రం కాకలో ఉండగానే గుచ్చాలి, డ్రిల్లు వద్దు.

సత్తెనపల్లి_రైతు
నా గునపం మొన మొద్దుబారింది. రాళ్ళ నేల. కాల్చి సాగదీశాక దానికి నీళ్ళెంతవరకు పెట్టాలి?

తెనాలి_కొలిమి
అది అసలు గట్టిపడే ఉక్కో కాదో తెలియాలి. కొసని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచి, కొత్త ఆకురాయితో గీసి చూడండి, జారిపోతే గట్టిపడే ఉక్కే. ఉక్కయితే కొస రెండు అంగుళాలే ముంచి, నీలం రంగు వచ్చాక ఆపండి. రాయికి కొట్టేది గోధుమ రంగులో ఆపితే కొస ఎగిరిపోతుంది.