తెలిసిన పాటే మళ్లీ ఎందుకు వింటాం? (టీవీ పాటల పోటీలు)

కుట్టుమిషన్_మల్కాజిగిరి:
ఇంట్లోనే జాకెట్లు కుడతాను. రాత్రి వంట అయ్యాక ఫాల్స్, హుక్స్ పని ముందేసుకుని టీవీలో పాటల పోటీ పెట్టుకుంటా. చూసేది తక్కువ, వినేదే ఎక్కువ, కళ్లు సూది మీద ఉంటాయి కదా. పల్లవి ఎవరైనా బాగానే ఎత్తుకుంటారు. చరణంలో గొంతు పైకి వెళ్లాల్సిన చోటు దగ్గరపడుతుంటే మాత్రం నా చెయ్యి ఆగిపోతుంది. పిల్ల అందుకుందో లేదో తేలాకే మళ్లీ కుట్టు.

మా అబ్బాయి మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్. "అమ్మా, అది లైవ్ అనుకుంటున్నావా? శృతి తప్పినా కంప్యూటర్లో సరిచేసేస్తారు" అంటాడు. చేస్తే చేశారు. నాకు చిరాకల్లా ఏడుపులతోనే. పాడటానికి వచ్చిన పిల్ల చేత వాళ్ల నాన్న అప్పుల కథ చెప్పించి, వెనక వయొలిన్ వాయిస్తారే, అప్పుడు సౌండ్ తగ్గించేస్తా.

1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలైనప్పటి నుంచీ ఈ పిచ్చి ఉంది. బాలుగారు పాట ఎవరు రాశారో, బాణీ ఎవరు కట్టారో చెప్పకుండా ముందుకు కదిలేవారు కాదు. ఎక్కడ తగ్గిందో తనే పాడి చూపించేవారు. పొగిడినప్పటి కంటే ఆ దిద్దుబాటు దగ్గరే నేను ఎక్కువ చెవి పెట్టేదాన్ని.

నా సందేహం ఇదీ. సుశీలమ్మ పాడిన అసలు పాట ఫోన్లోనే ఉంది, నొక్కితే వస్తుంది. దాన్ని వదిలేసి ఎవరో కొత్త పిల్ల అదే పాట పాడుతుంటే ఊపిరి బిగబట్టి ఎందుకు వింటున్నాం?

నల్లకుంట_పెన్షనర్:
తెలిసిన పాట కాబట్టేనమ్మా. పెళ్లి భోజనంలో పప్పు ఎలా ఉందో చెప్పడానికి వంటవాడే అయ్యుండాలా? రోజూ తినే నాలుక చాలు. సుశీల ఏ మాట దగ్గర ఎంత సాగదీశారో మీ చెవికి కంఠస్థం. అందుకే జడ్జీ కంటే ముందు మీరే తీర్పు చెప్పేస్తారు. ఎవరూ వినని కొత్త పాట పాడించమనండి, మీ సూది ఆగదు.

ఇంకొకటి. ఘంటసాల, సుశీల రోజుల్లో గాయకులు, వాద్యబృందం అంతా ఒక్కసారే కలిసి రికార్డు చేసేవారు. మధ్యలో ఎవరు తప్పినా మళ్లీ మొదటి నుంచి. ఇప్పుడు స్టూడియోలో లైను లైనుగా పాడి అతికించుకోవచ్చు. పోటీ పిల్లలకు ఆ వెసులుబాటు లేదు, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ముందే లెక్క వేసుకుని పాట మొత్తం ఒక్క వరసలో లాగాలి. పాత పాటలు పాడేటప్పుడు వాళ్ల సరుకు బయటపడేది అందుకే.

మీ అబ్బాయి మాట కొంతవరకు నిజమే, శృతిని సరిచేసే సాఫ్ట్‌వేర్ ఉంది. అయితే 'ళ' పలకాల్సిన చోట 'ల' పలికితే ఆ సాఫ్ట్‌వేర్ దిద్దదు. మాట మధ్యలో ఊపిరి తీసుకున్నా అంతే. పాట ఆత్మ గీత్మ అని పెద్ద మాటలు మాట్లాడే జడ్జీలు ఈ రెండూ పట్టించుకోకపోతే నాకు ఒళ్లు మండుతుంది.

ఉప్పల్_పోరడు:
అక్కా, నేను ఒకసారి ఆడిషన్‌కి పోయిన. పొద్దుగాల్నే లైన్ల నిలవడితే ఛాతి మీద నంబరు అతికిచ్చిన్రు. చుట్టూ అందరు తలో పాట కూనిరాగం తీస్తున్నరు, నా పాట ఏ శృతిల ఎత్తుకోవాల్నో నాకే మర్చిపోయింది. లోపల తబలా లేదు, కీబోర్డు లేదు. పల్లవి, సగం చరణం కాంగనే "చాలు" అన్నరు. బయటికొచ్చి చాయ్ తాగి బస్సెక్కిన, గంతే.

అప్పట్నుంచి టీవీల ఎవడన్న నడుమల మాట మర్చిపోయి మళ్ల అందుకుంటే నాకు మంచిగనిపిస్తది. గెలిచినోడి కంటె వాడే యాదికుంటడు.

తార్నాక_76:
మీరంతా సంగీతం అంటున్నారు గానీ, సగం మంది చూసేది మనవాడు గెలవాలని. 2006లో మన కారుణ్య హిందీ ఇండియన్ ఐడల్ ఫైనల్‌కి వెళ్తే మా ఇంట్లో రీఛార్జి డబ్బులన్నీ ఎస్సెమ్మెస్‌లకే పోయాయి. రెండో స్థానం వచ్చిందని మా అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. 2010లో శ్రీరామచంద్ర, 2017లో రేవంత్ అదే పోటీ గెలిచాక గానీ మావాళ్ల కసి తీరలేదు.

కుట్టుమిషన్_మల్కాజిగిరి:
తార్నాక గారూ, మనవాడన్న అభిమానం నాకూ ఉంది, కాదనను. కానీ ఓటు వేసేది వారానికి ఒక్క నిమిషం పని. మిగతా గంటంతా కూర్చోబెడుతున్నది అది కాదనుకుంటా. చిన్నపిల్లల పోటీల్లో అందరూ మన తెలుగు పిల్లలే కదా, అక్కడా చెయ్యి ఆగుతూనే ఉంది.

ఉప్పల్ తమ్ముడూ, ఏ పాట పాడావో చెప్పనే లేదు.

నల్లకుంట బాబాయిగారూ, మీరు ఊపిరి సంగతి చెప్పాక నిన్న పనిగట్టుకుని విన్నా. ఒకబ్బాయి గొంతు బంగారం, చరణం చివర మాత్రం 'వెన్నెల'ని రెండు ముక్కలు చేసి మధ్యలో గాలి పీల్చాడు. జడ్జీలు ముగ్గురూ లేచి నిలబడి చప్పట్లు. నేనైతే రెండు మార్కులు కోసేశా.